చీపురు ఆనించిన తలుపు

హిల్కా తన అన్నతో పోట్లాడి ఉంటే బాగుండేది. పోట్లాడుకున్నవాళ్ళకి రాజీ పడడానికి ఏదో ఒక మాట మిగిలి ఉంటుంది. వీళ్ళ మధ్య అదీ లేదు. తండ్రి పోయాక అడవి పంచుకున్నారు. సరస్సులోకి పొడుచుకువచ్చిన స్ప్రూస్ చెట్ల కొన హిల్కా వాటాకి వచ్చింది. భర్త మంచాన పడ్డ ఏడాది ఆమె ఆ కొన మీది చెట్లన్నీ కలప కంపెనీకి అమ్మేసింది. యంత్రాలు వచ్చి, వారం తిరక్కుండా కొనను బోడిగుండు చేసి వెళ్ళాయి. ఆ వారమంతా అన్న అర్మాస్ తన ఇంటి మెట్ల మీద కూర్చుని ఆ చప్పుడు వింటూనే ఉన్నాడని ఊళ్ళో చెప్పుకున్నారు. చెల్లెల్ని మాత్రం ఒక్క మాట అనలేదు. ఆ తర్వాత కూడా అనలేదు. చర్చి వాకిట్లో ఎదురుపడితే, పరాయి ఆడమనిషికి మర్యాద చేసినట్టు టోపీ ఎత్తి పక్కకి తప్పుకునేవాడు. అలా పదకొండేళ్ళు గడిచిపోయాయి.

వాళ్ళ ఊరు హౌకివారలో ఇదేమీ వింత కాదు. అక్కడివాళ్ళు నోరు మెదపకుండా ప్రేమించగలరు, నోరు మెదపకుండా అలగగలరు. బయటినుంచి చూసేవాడికి ఆ రెండూ ఒకలాగే ఉంటాయి.

ఆదివారం ప్రార్థనలో క్షమాపణ అడిగే చోటికి వచ్చేసరికి హిల్కా గొంతు దానంతటదే తగ్గిపోయేది. దేవుడు అన్నీ చూస్తాడు, నిజమే. కానీ ఒకరి మనసులోని మాట ఇంకొకరి ఇంటికి మోసుకుపోయే పని ఆయన పెట్టుకున్నట్టు లేదు. ఆ పని మనుషులకే వదిలేశాడు. ఎందుకు వదిలేశాడో ఆమెకి అర్థమయ్యేది కాదు.

ఆ ఏడాది మంచు కరిగాక ఆమెకి ఒక సాకు దొరికింది.

ఊళ్ళో బడి మూతపడి చాలా కాలమైంది. కొట్టు వారానికి నాలుగు రోజులే తెరుస్తున్నారు. అడవిలో కలప కోసం వేసిన కంకర బాటలన్నీ కలిపి, సరస్సుల చుట్టూ ఒక సైకిల్ దారి చేస్తే పట్నాలనుంచి జనం వస్తారని ఊరి సంఘం అనుకుంది. ఆ సంఘానికి పెద్ద టెర్హో. బస్సు నడిపి రిటైరైనవాడు, హిల్కా పొరుగింటివాడు. అడవిలో ఎవరైనా నడవొచ్చు, సైకిల్ తొక్కొచ్చు, ఎవరినీ అడగక్కర్లేదు. కానీ గుర్తులు పాతి, ఇదే దారి రండని జనాన్ని పిలవాలంటే మాత్రం ఆ రోడ్డు గలవాడు సరేననాలి. అందరూ సరే అన్నారు, అర్మాస్ తప్ప. ఆయన కాదనీ అనలేదు. అసలు దొరకలేదు.

“మూడుసార్లు వెళ్ళొచ్చాను అక్కా,” అన్నాడు టెర్హో, హిల్కా వంటింట్లో కాఫీ తాగుతూ. “మూడుసార్లూ తలుపుకి చీపురే. మీ అన్న చేపల కన్నా ఎక్కువసేపు నీళ్ళలోనే ఉంటాడల్లే ఉంది.”

“ఫోన్ చెయ్యకపోయావా?”

“ఆయన గనక ఫోన్ ఎత్తితే నేను మళ్ళీ పెళ్ళి చేసుకుంటాను.”

“నిన్నెవరు చేసుకుంటారురా?”

“అందుకే కదా అంత ధైర్యంగా అంటున్నాను!” అని నవ్వి, మళ్ళీ గొంతు తగ్గించాడు. “ఆ రోడ్డు దొరక్కపోతే దారి తీసుకెళ్ళి లారీల రోడ్డు మీద కలపాలి. ఏ హెల్సింకీ వాడో కలప లారీ కింద పడ్డాడంటే మన పేరు పేపర్లో పడుతుంది. నువ్వు వెళ్ళు అక్కా. ఎంతైనా తోడబుట్టినదానివి.”

“నేను వెళ్తే ఒప్పుకునేవాడు కూడా మానుకుంటాడు.”

“మాట్లాడితే కదా మానుకోవడానికి!” అన్నాడు టెర్హో. అని, మరీ ఎక్కువ అన్నాననుకున్నాడో ఏమో, కప్పు కడిగి బోర్లించి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రమే హిల్కా పిండి కలిపింది. బియ్యం పాలలో మెత్తగా ఉడికించి, పల్చటి రై పిండి రొట్టెల్లో పెట్టి, అంచులు వేళ్ళతో మడతలు నొక్కి పీరక్కలు కాల్చింది. పక్కన వెన్నలో మెదిపిన గుడ్డు ఒక డబ్బాలో పెట్టింది. చిన్నప్పుడు అర్మాస్ పీరక్కల అంచులు ముందు తినేసి, నడుమ భాగం చెల్లెలి పళ్ళెంలో వేసేవాడు. ఆమెకి నడుమ భాగమే ఇష్టమని ఆయనకి తెలుసు.

మర్నాడు సంఘం కొన్న వెడల్పు టైర్ల సైకిల్ తీసుకుని బయల్దేరింది. గట్టు మీది బాట మొదట నున్నగా ఉంది. రెండు పక్కలా పైన్ చెట్లు, చెట్ల సందుల్లో అటొక సరస్సు, ఇటొక సరస్సు. చిత్తడి నేల దగ్గరికి వచ్చేసరికి పాత లారీల చాళ్ళలో నీళ్ళు నిలిచి ఉన్నాయి. చక్రం కూరుకుపోతే దిగి నెట్టింది. దోమలు మెడ మీద వాలాయి. దుంగల వంతెన మీద సైకిల్ దడదడలాడింది. అరవై ఆరేళ్ళ వయసులో ఈ పని నాకెందుకని ఒకసారి అనుకుంది, మళ్ళీ ఎక్కి తొక్కింది. దారి పొడుగునా చెప్పాల్సిన మాట మననం చేసుకుంటూనే ఉంది. “అన్నయ్యా, ఒక దారి విషయం మాట్లాడదామని వచ్చాను.” అంతే. అంతకు మించి అక్కర్లేదు. దారి గురించి మొదలుపెడితే అది ఎటు తీసుకెళ్తే అటు వెళ్ళొచ్చు.

అర్మాస్ ఇల్లు ఎత్తు మీద ఉంది. ఇంటికి ముందు రోడ్డు బాగా నిటారుగా ఉంటుంది. ఆయన కొత్తగా కంకర పోయించినట్టున్నాడు, ఇంకా అణగలేదు, కాలు పెడితే జారుతోంది. హిల్కా సైకిల్ నెట్టుకుంటూ, ఆయాసపడుతూ వాకిట్లోకి వచ్చింది. ఆరేసిన వలలు కనిపించాయి. కాఫీ వాసన వచ్చినట్టనిపించింది.

తలుపుకి అడ్డంగా బర్చ్ చెట్టు రెమ్మల చీపురు ఆనించి ఉంది.

ఆ ఊళ్ళో తాళం అంటే అదే. చీపురు తలుపుకి వాల్చి ఉందంటే ఇంట్లో ఎవరూ లేరని. దాన్ని పక్కకి జరిపి లోపలికి వెళ్ళినవాడు హౌకివారలో ఇంతవరకూ లేడు. దొంగలు కూడా చీపుర్ని గౌరవిస్తారని టెర్హో అంటూ ఉంటాడు. హిల్కా తల్లి అయితే, చీపురు ఉన్న ఇంటి కిటికీలోకి తొంగి చూడ్డం కూడా తప్పేనని చెప్పి పెంచింది. అందుకే హిల్కా తలుపు తట్టలేదు, కిటికీ వైపు చూడలేదు. పడవ రేవులో ఉందో లేదో ఎత్తు మీదినుంచి కనపడదు. వాకిట్లో బెంచీ మీద కూర్చుంది.

చాలాసేపు కూర్చుంది. సరస్సుకి అవతల కోకిల కూస్తోంది. కొన వైపు చూడాలనిపించలేదు. ఆ యంత్రాలు వెళ్ళిపోయాక ఆమె అటు అడుగే పెట్టలేదు. కొట్టిన చోట మళ్ళీ నాటాలన్న చట్టం కొద్దీ మనుషుల్ని పెట్టి మొక్కలు నాటించింది, అంతే. అవి బతికాయో చచ్చాయో కూడా తెలుసుకోలేదు. ఒకసారి మాత్రం, ఎందుకో తనకే తెలియకుండా, “అన్నయ్యా” అంది. గట్టిగా కాదు. ఎవరో ఎదురుగా ఉంటే పలికినట్టు అంది.

చివరికి లేచి, గుడ్డలో కట్టిన పీరక్కలు బెంచీ మీద పెట్టి సైకిల్ పట్టుకుంది. ఆ క్షణాన ఆమె గుండె తేలికపడింది. వచ్చాను, ఆయనే లేడు. నా వంతు నేను చేశాను. దేవుడి ముందు కూడా ఆ మాట చెప్పుకోవచ్చు. ఆ తేలికతనం గురించే తర్వాత ఆమె ఎక్కువగా ఆలోచించింది.

దిగువలో రెండు బ్రేకులూ బిగబట్టి, కాళ్ళు రెండు పక్కలా చాపి, ప్రాణాలరచేత పట్టుకుని దిగింది.

నడివేసవి పండుగ మంటలయ్యాక మళ్ళీ వెళ్దామనుకుంది. పండుగ ఇంకా వారం ఉందనగా అర్మాస్ పడవలోనే పోయాడు. వల తీస్తుండగా గుండె ఆగిందన్నారు. పడవ దానంతటదే రెల్లులోకి వచ్చి ఆగింది. టెర్హో టోపీ చేత్తో పట్టుకుని వచ్చి చెప్పాడు. ఆ రోజు అతను జోకులేమీ వెయ్యలేదు.

అర్మాస్‌కి పెళ్ళాం పిల్లలు లేరు. ఇల్లూ రోడ్డూ హిల్కాకే వచ్చాయి. సమాధి చేసి వచ్చిన కొన్నాళ్ళకి టెర్హో వాకిట్లో నిలబడి, అటూ ఇటూ చూసి, “అక్కా, ఇప్పుడు అడగకూడదు గానీ...” అని ఆగాడు.

“దారి గుర్తులు పాతుకోండి,” అంది హిల్కా. “ఎవర్నీ అడగక్కర్లేదు ఇక.”

ఎవర్నీ అడగక్కర్లేకపోవడం ఇంత బరువుగా ఉంటుందని ఆమె అనుకోలేదు. దారికి గుర్తులు పాతారు. రోడ్డు మీదుగా ఇంటి ముందునుంచి దిగువకి తిప్పారు. కొన మీదికి మాత్రం ఆమె వద్దంది. “ఆ బోడి నేల చూడ్డానికి హెల్సింకీ నుంచి రావాలా?” అంది. ఎవరూ వాదించలేదు.

ఆగస్టులో దారి తెరిచారు. చర్చి పక్క మైదానంలో గుడారం వేశారు. హిల్కా కాఫీ, ఏలకుల బన్నులు పంచే బల్ల దగ్గర నిలబడింది. సైకిళ్ళ వాళ్ళు బాగానే వచ్చారు. ఒంటినిండా బురద చిమ్మినవాళ్ళు, మెరిసే టోపీలవాళ్ళు. వాళ్ళలోంచి నలభై దాటిన ఒకామె సైకిల్ చెట్టుకి ఆనించి, నేరుగా బల్ల దగ్గరికి వచ్చింది. పేరు విల్యా అని, హెల్సింకీలో ట్రామ్ నడుపుతానని చెప్పింది. సంచీలోంచి ఒక కాఫీ పొట్లం తీసింది.

“ఏమండీ, ఎత్తు మీద ఇంట్లో ఒక పెద్దాయన ఉంటారు కదా? ఇప్పుడే వెళ్తే తలుపు వేసి ఉంది. దీన్ని ఆయనకి ఇవ్వాలి. జూన్‌లో వచ్చినప్పుడు ఆయన కాఫీ అంతా నేనే తాగేశాను.”

హిల్కా చేతిలోని కాఫీ కూజా బల్ల మీద దింపింది. “ఆయన పోయారమ్మా. పండుగ ముందు. నేను ఆయన చెల్లెల్ని.”

విల్యా పొట్లం బల్ల మీద పెట్టబోయి ఆగింది. “అయ్యో,” అంది. “పీరక్కలు తెచ్చిన చెల్లెలా మీరు?” అంది.

“పీరక్కల సంగతి నీకెలా తెలుసు?”

“నాకూ రెండు పెట్టారు కదా! మీరు వచ్చి వెళ్ళిన మర్నాడే నేను వెళ్ళింది. అంచులు తనుంచుకుని నడుమ భాగం నాకిచ్చారు, చిత్రమైన మనిషి. మీరు ఆ బెంచీ మీద చాలాసేపు కూర్చున్నారటగా?”

బన్ను కోసం చెయ్యి చాపిన ఒకాయనకి హిల్కా బన్ను అందించింది. తర్వాత బల్ల వెనకనుంచి బయటికి వచ్చి విల్యాకి ఎదురుగా నిలబడింది.

“నేను కూర్చున్నట్టు ఆయనకెవరు చెప్పారు?”

“ఎవరు చెప్పడమేంటండీ, చూశారు. లోపలే ఉన్నారు కదా, కిటికీ పక్కన.” హిల్కా మొహం చూసి విల్యా తడబడింది. “మీకు... తెలీదా?”

“చీపురు ఉంది,” అంది హిల్కా.

“అవును, ఉంది. నేను వెళ్ళినప్పుడూ ఉంది. నా నీళ్ళు అయిపోయాయి, టైరు పోయింది. ఎవరో ఊడ్చి అక్కడ పెట్టి మర్చిపోయారనుకుని పక్కన నిలబెట్టి తలుపు తీశాను. ఆయన బల్ల దగ్గర కూర్చుని నన్ను దెయ్యాన్ని చూసినట్టు చూశారు. ‘చీపురు కనపళ్ళేదా?’ అన్నారు. ‘కనపడింది, పడిపోతుందేమోనని సరిగ్గా పెట్టానండీ’ అన్నాను. ఇక చూడండి, ఎంత నవ్వారో! నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నారు. తర్వాత చెప్పారు దానర్థం ఏంటో. నాకు సిగ్గేసింది.”

“ఇంట్లో ఉండి చీపురు ఎందుకు పెట్టాడు?”

“ఎవరో సంఘంవాళ్ళు దారి కోసం తిరుగుతున్నారట, వాళ్ళని తప్పించుకుందామని. వెనక తలుపునుంచి తిరుగుతున్నారట. అది మొదలుపెట్టినరోజునుంచీ నిద్ర సరిగ్గా పట్టట్లేదన్నారు. చీపురుతో అబద్ధమాడినవాడు మా ఊళ్ళో నేనొక్కణ్ణేనన్నారు.”

గుడారం అవతల టెర్హో మైకు పట్టుకుని ఏదో చెప్తున్నాడు. జనం నవ్వుతున్నారు.

“మరి నన్ను చూశాక...”

“చూశాక లేచారట. తలుపు దాకా వచ్చారట. తీస్తే, ఇంట్లో ఉండి చీపురు పెట్టానని మీకు తెలిసిపోతుంది కదా. చర్చికి వెళ్ళే చెల్లెలి ముందు ఈ వయసులో అబద్ధాలకోరు అవ్వాలా అని ఆగిపోయారట. ‘అదే తోసుకుని వస్తుందేమోనని చూశాను’ అన్నారు. ‘అది రాదు, మా అమ్మ పెంపకం’ అని కూడా ఆయనే అన్నారు.”

“చీపురు ఉన్న తలుపు ఎవరు తోస్తారమ్మా?” అంది హిల్కా నెమ్మదిగా.

విల్యా పొట్లాన్ని ఈ చేతినుంచి ఆ చేతికి మార్చుకుంది. తోసింది తనే కదా.

ఇద్దరు మనుషులు, నడుమ ఒక తలుపు చెక్క మందం. అవతల ఒకరు, ఇవతల ఒకరు, ఇద్దరూ తప్పు చెయ్యకూడదనే ఆగిపోయారు. తప్పు చెయ్యకుండా ఉండడమూ మంచి చెయ్యడమూ ఒకటే అనుకుని హిల్కా ఇంతకాలం బతికింది. అది దేవుడు చెప్పిన మాటా, లేక తనకి అనువుగా ఉందని తనే అలా విన్నదా? బెంచీ మీదినుంచి లేచినప్పుడు గుండె ఎందుకంత తేలికైంది? చీపురు లేకపోతే తను తలుపు తట్టేదా? తట్టేదాన్నని ఒట్టు వేసి చెప్పలేకపోయింది.

“ఇంకా ఏమన్నాడు? అన్నీ చెప్పు. టైరు దగ్గర్నుంచి చెప్పు.”

విల్యా బల్ల పక్కనున్న బెంచీ మీద కూర్చుంది. టైరుకి ఆయనే పంక్చర్ వేశారంది. కాఫీని చక్కెర పలుకు పళ్ళ మధ్య పెట్టుకుని తాగారంది. తర్వాత రమ్మని కొన మీదికి తీసుకెళ్ళారంది.

“కొన మీదికా? అక్కడేముంది?”

“ఏముందంటారేంటి! మీరు నాటించిన చెట్లు. నా తల దాటి పోయాయి. వాటిని మింగేసేలా బర్చ్ పొదలు లేస్తాయట కదా, ఏటేటా ఆయనే కొడవలితో కొట్టేస్తున్నారు. ‘ఇది మా చెల్లెలి అడవి, అది చూసుకోవట్లేదు, అందుకని చూస్తున్నాను’ అన్నారు. మీరెళ్ళి చూడలేదా?”

“లేదు.”

“సంఘంవాళ్ళకి ఆయన సరే అందామనుకున్నారు, తెలుసా? దారి కొన మీదుగా వెయ్యమని చెప్తానన్నారు. అలా వేస్తే దాన్ని సరిచూడ్డానికైనా మీరు అక్కడికి వస్తారట. వచ్చి చూస్తే, మాట్లాడాల్సినదేమీ మిగలదట.”

హిల్కా మైదానం అవతలి చెట్ల వైపు చూసింది. పదకొండేళ్ళు. ఏటా ఎండలో, దోమల్లో, ఆయన వంగి ఆ పొదలు నరికి ఉంటాడు. అది ఆయన పంపిన కబురు. ఆమె దాన్ని విప్పి చూడలేదు.

“విల్యా, ఒక్కటి చెప్పు. నేను వెళ్ళిపోయాక ఆయన బయటికి వచ్చాడా?”

విల్యా కాఫీ పొట్లం అంచు గోటితో గీకింది. “వచ్చారట. మీరు అప్పటికే దిగువలోకి దిగారట.”

“కనపడుతున్నానా?”

“కనపడుతున్నారట.”

“మరి పిలవలేదేం?”

“నేనూ అదే అడిగాను. కొత్త కంకర, ఇంకా జారుతోంది, పిలిస్తే చెల్లెలు వెనక్కి తిరిగి పడిపోతుందని పిలవలేదన్నారు.”

టెర్హో మాట్లాడ్డం అయిపోయింది. గంట కొట్టారు. సైకిళ్ళు ఒకదాని వెనక ఒకటి కంకర మీద కరకరమంటూ అడవిలోకి వెళ్తున్నాయి. విల్యా లేవలేదు. హిల్కా చాలాసేపు ఆ చప్పుడు విని, ఎవరితో అంటోందో తెలియనట్టుగా అంది:

“పడితే పడేదాన్ని. మోకాలు చెక్కుకుపోయేది. పరుగెత్తుకొచ్చి లేపేవాడు కదా.”